జనరల్ బజార్ సందులో నాలుగు వాటాల ఇల్లు

సికింద్రాబాద్‌ జనరల్ బజార్ వెనక సందులో ఉన్న ఒక ఇంటి మరమ్మతు గురించి రాస్తున్నాను. కింద దుకాణాలు, పైన కాపురం. నవాబులు కట్టిన దేవిడీ కాదు, ఏ వారసత్వ జాబితాలోనూ దాని పేరు లేదు. ఆ వీధిలో ఎవరినైనా అడిగితే కింది బట్టల షాపు పేరు చెప్పి ‘దాని పైన’ అంటారు, అంతే. యజమానులు కోరినందువల్ల పేర్లు, ఇంటి నంబరు, మొత్తం ఖర్చు ఇక్కడ రాయడం లేదు. పాత కట్టడాలు మరమ్మతు చేసే ఇంజినీరుగా నాకు ఈ పని ఒక నోటీసు వల్ల వచ్చింది.

నగరంలో ఏటా వానాకాలానికి ముందు శిథిల భవనాల లెక్క తీస్తారు. మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 1955 నాటిది. దాని కింద వచ్చే నోటీసు సారాంశం ఏమిటంటే, ఖాళీ చేసి కూల్చండి, లేదా బాగు చేయించి ఇల్లు భద్రంగా ఉందని ఇంజినీరు చేత రాయించి తెండి. నోటీసు అందగానే ఇంట్లో మూడు రకాల మాటలు మొదలవుతాయి. అద్దెకున్నవాళ్లు ‘మమ్మల్ని వెళ్లగొట్టడానికి ఓనరే తెప్పించాడు’ అనుకుంటారు. కొన్నిచోట్ల అది నిజమే. వారసుల్లో దూరంగా ఉన్నవాళ్లు ‘ఇంకెందుకు, బిల్డరుకు ఇచ్చేద్దాం’ అంటారు. ఇంట్లో ఉంటున్న పెద్దవాళ్లు మాత్రం టెన్షన్ పడుతూ గోడల బీటలు చూసుకుంటూ కూర్చుంటారు. ఇక్కడా అలాగే జరిగింది.

ఇంటి పైభాగంలో డెబ్బయి దాటిన పెద్దాయన, ఆయన భార్య ఉంటున్నారు. రెండో తమ్ముడు పోయాడు, ఆయన భార్యా కొడుకూ బెంగళూరులో ఉన్నారు. చిన్న తమ్ముడు న్యూజెర్సీలో స్థిరపడ్డాడు. ఆడపడుచు విజయవాడలో ఉంటుంది. కింద రెండు బట్టల దుకాణాలు, మెట్ల కింద ఒక టైలరు, వెనక గదుల్లో నగలకు మెరుగు పెట్టే చిన్న పని ఉన్నాయి. ఇంత తక్కువ స్థలంలో ఇన్ని బతుకులు ఉన్నందువల్లే ఆ వీధి వీధిగా మిగిలింది. పని మొత్తంలో కష్టమైంది కూడా అదే.

ఊరు, వీధి

1806లో మూడో నిజాం సికందర్ జా పేరుతో బ్రిటిష్ దండు పక్కన ఏర్పడ్డ ఊరు ఇది. పాతవాళ్లకు ఇప్పటికీ లష్కరే. 1874లో రైలు వచ్చింది, 1897లో గడియార స్తంభం లేచింది. దండుకు సరుకులు అమ్మడానికి వచ్చిన తెలుగు కోమట్లు, తమిళ మొదలియార్లు, మార్వాడీలు, పార్సీలు బజారు చుట్టూ ఇళ్లు కట్టుకున్నారు. వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉండే స్థలాలు. ముందు దుకాణం, మధ్యలో వెలుతురు కోసం చిన్న వాకిలి, వెనక వంటిల్లు, బావి. పక్కింటికీ మనింటికీ మధ్య గోడ ఒకటే.

మా ఇంటి వయసు చెప్పే కాగితం ఏదీ దొరకలేదు. కట్టిన తీరును బట్టి 1920, 30ల నాటిదని నా అంచనా. కింది అంతస్తు పైకప్పు ఇనుప గర్డర్ల మధ్య ఇటుకల కమాన్లు, అంటే జాక్ ఆర్చ్. పై అంతస్తుకు టేకు వాసాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో దిమ్మిస కొట్టిన మద్రాసు మిద్దె. నేల మీద షాబాద్ బండలు. వీధి వైపు టేకు బ్రాకెట్ల మీద నిలిచిన వసారా. ఆ వసారా ముందు అల్యూమినియం షీట్ల బోర్డులు కట్టేయడంతో కింద నుంచి చూస్తే ఇల్లు ఉందనే తెలియదు.

జాబితాలు ఇలాంటి ఇంటిని ఎందుకు కాపాడవు

దీని గురించి ప్రతి క్లయింటూ అడుగుతారు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. హైదరాబాద్‌లో కట్టడాల రక్షణకు 1995లో ఒక దారి ఏర్పడింది. అప్పటి హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేర్చి, వందకు పైగా భవనాలను జాబితాలో పెట్టారు. అనుమతి లేకుండా వాటిని కూల్చకూడదు, మార్చకూడదు. జాబితాలో ఎక్కువగా రాజభవనాలు, దేవిడీలు, ఆసుపత్రులు, బజార్లు ఉండేవి. 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ నిబంధనను తీసేసింది. తర్వాత 2017లో రాష్ట్రానికి సొంత వారసత్వ చట్టం వచ్చింది. 2019 జూన్‌లో ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్ స్థలంలో కొత్త శాసనసభ కట్టాలని మంత్రివర్గం నిర్ణయిస్తే, సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది.

ఇదంతా పేరున్న కట్టడాల చరిత్ర. వాటి కోసం కోర్టుకు వెళ్లేవాళ్లుంటారు, పత్రికలు రాస్తాయి. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను బాగు చేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచినప్పుడు నాకూ సంతోషమే కలిగింది. రేకులు, అడ్డదిడ్డమైన బోర్డులు పోయి రాయి కనబడింది. అయితే మార్కెట్ మొత్తానికీ యజమాని ఒక్కటే, కార్పొరేషన్. డబ్బు ఒకే చోట నుంచి వస్తుంది, సంతకం ఒకే చోట పడుతుంది. సందులో ఇంటికి నలుగురు యజమానులు, నలుగురు అద్దెదారులు, పక్కింటితో ఉమ్మడి గోడ, వీటికి తోడు ఎవరూ కట్టని పాత నీటి బిల్లు.

టీడీఆర్, అంటే బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు గురించి కూడా అడిగారు. 2012 నాటి జీవో 168లో, వారసత్వ భవనాన్ని కూల్చకుండా వాడుకలో ఉంచితే స్థలానికి సమానంగా నిర్మాణ హక్కును వేరేచోట వాడుకోవడానికి, అమ్ముకోవడానికి వీలు పెట్టారు. మంచి ఆలోచనే. మా ఇంటికి వారసత్వ గుర్తింపు లేదు కాబట్టి వర్తించదు. ఈ ఇల్లు నిలవాలంటే దాని ఖర్చు అదే సంపాదించుకోవాలి. మొదటి సమావేశంలోనే కుటుంబానికి ఆ మాట చెప్పాను. సబ్సిడీ వస్తుందన్న ఆశతో మొదలుపెట్టిన పనులు సగంలో ఆగడం నేను చాలానే చూశాను.

జబ్బు ఎక్కడ

నోటీసుకు ముందు ఒక ఇంజినీరు ఇల్లు చూసి, బీటలు ఉన్నాయి కాబట్టి కూల్చక తప్పదని రాసిచ్చాడు. బీట ఉందనడం పరీక్ష కాదు. అది పెరుగుతోందా, ఎప్పుడో ఆగిపోయిందా అన్నది తెలియాలి. బీటకు అడ్డంగా గాజు పలకలు అతికించి ఒక వానాకాలం గమనించాం. ముందు గోడ మీద భయపెట్టే పెద్ద బీట దగ్గర పలకలు పగల్లేదు. అది ఏనాటిదో. మెట్ల పక్కన, ఎవరూ పట్టించుకోని సన్నటి గీత దగ్గర పలక పగిలింది. అక్కడ తవ్వితే గోడలో దాచిన పాత ఇనుప పైపు కనబడింది. డాబా నీళ్లు అందులోంచి దిగాలి. అది తుప్పుపట్టి, నీళ్లన్నీ ఏళ్ల తరబడి గోడలోకే పోతున్నాయి.

రెండోది డాబా బరువు. మద్రాసు మిద్దె కారుతుంది. కారితే అసలు చేయాల్సింది, మీద పగిలిన సున్నపు పొర తీసి మళ్లీ వేయడం. అది తెలిసిన మేస్త్రీలు తగ్గిపోవడంతో ప్రతి తరమూ పైన ఒక పొర సిమెంటు కాంక్రీటు వేసుకుంటూ వచ్చింది. అంగుళం మందం కాంక్రీటు చదరపు మీటరుకు దాదాపు 60 కిలోలు తూగుతుంది. నాలుగు అంగుళాలు వేస్తే వంద చదరపు మీటర్ల డాబా మీద 24 టన్నులు అదనంగా చేరినట్టు. టేకు వాసాలు ఆ బరువు మోయడానికి పెట్టినవి కావు. పైగా కాంక్రీటు కింద చిక్కిన తేమ బయటికి పోలేక వాసాల చివర్లను కుళ్లబెట్టింది. చెదలు ఆ తర్వాత వచ్చాయి. చెదలనే తిట్టుకుంటాం గానీ, అవి తడి కలపను వెతుక్కుని వస్తాయి.

మూడోది సిమెంటు ప్లాస్టరు. ఈ ఇళ్ల గోడలు సున్నంతో కట్టిన ఇటుకలు. భూమిలోంచి ఎక్కిన చెమ్మ సున్నపు పూతలోంచి ఆరిపోతుంది. గోడ అడుగున నాలుగడుగులు సిమెంటు పూస్తే ఆరే దారి మూసుకుపోతుంది. చెమ్మ ఇంకా పైకెక్కి, సిమెంటు పూత ఆగినచోట బయటపడుతుంది. నీళ్లతోపాటు వచ్చిన ఉప్పు అక్కడ తెల్లగా పొంగి ఇటుకను పిండి చేస్తుంది. షాపులవాళ్లు దాని మీద టైల్సు అతికించారు. టైల్సు వెనక ఇటుకను వేలితో గీకితే రాలింది.

నాలుగోది గర్డర్ల చివర్లు. జాక్ ఆర్చ్ గర్డర్లు నడిమధ్యలో చూస్తే ఎంతో గట్టిగా ఉంటాయి. తడి గోడలో దూరిన చివర్లే తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి చుట్టూ ఇటుకలను నెట్టేస్తుంది. వెనక వంటింటి వైపు రెండు గర్డర్ల చివర్లు రేకులు రేకులుగా ఊడివచ్చాయి. సరిగ్గా వాటి మీదే, పై గదిలో, ఒక బట్టల షాపు వాళ్ల సరుకు మూటలు నడుమెత్తు దాకా పేర్చి ఉన్నాయి. నోటీసు ఇచ్చిన వాళ్లు గాని, కూల్చమన్న ఇంజినీరు గాని ఈ గదిలోకి రాలేదు. నిజంగా భయపడాల్సింది ఇక్కడే. మూటలు ఆ వారమే దింపించాం, గర్డర్ల కింద జాకీలు పెట్టాం. మిగతా విషయాలన్నీ తర్వాత మాట్లాడుకున్నాం.

వాటాల లెక్క

సాంకేతికంగా చూస్తే ఈ ఇంట్లో బాగు చేయలేనిది ఏదీ లేదు. ఆ మాట రిపోర్టులో రాయడం తేలిక. నా అనుభవంలో ఇలాంటి ఇళ్లను వాన కంటే వాటాలే ఎక్కువగా కూల్చాయి. ఖర్చు ఎవరు పెడతారు, పెట్టినవాళ్లకు ఏం వస్తుంది అన్న ప్రశ్నకు జవాబు లేక ఏళ్లు గడుస్తాయి, ఆలోపు పైకప్పు పడిపోతుంది. అందుకే డ్రాయింగులకు ముందు ఒక లాయరుతో కూర్చున్నాం.

మొదటి చిక్కు ఆడపడుచు వాటా. ఆవిడ పెళ్లి 1979లో అయింది. ఉమ్మడి రాష్ట్రం 1986లో తెచ్చిన సవరణ కూతుళ్లకు పూర్వీకుల ఆస్తిలో సమాన హక్కు ఇచ్చినా, అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. అన్నదమ్ములు ఆ లెక్క మీదే ఉన్నారు. 2005లో కేంద్ర సవరణ వచ్చింది, 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు ఈ ఇంటికి రిజిస్టరైన పంపకం ఏదీ లేదు. కాబట్టి నాలుగు వాటాలు. లాయరు ఈ మాట చెప్పినప్పుడు పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెల్లెలికి తనే ఫోన్ చేసి, ‘అమ్మాయ్, నువ్వు కూడా రావాలి, ఇల్లు నీది కూడానట’ అన్నాడు. ‘అది మీకిప్పుడు తెలిసిందా అన్నయ్యా’ అందావిడ. ఆ తర్వాత జరిగిన ప్రతి సమావేశంలో లెక్కలు గట్టిగా అడిగిన మనిషి ఆవిడే. పని ముందుకు సాగడానికి ఆవిడ రావడం ఎంత ఉపయోగపడిందో చెప్పలేను.

రెండోది బిల్డరు ప్రతిపాదన. పక్క స్థలంతో కలిపి ఐదంతస్తులు కడతాననీ, సగం సగమనీ అన్నాడు. న్యూజెర్సీ తమ్ముడికి అది నచ్చింది. దూరంగా ఉన్నవాడికి ఇల్లంటే ఒక అంకె, అందులో తప్పేమీ లేదు. అంకెకు అంకెతోనే జవాబు చెప్పాలని మేం ఒక డ్రాయింగ్ గీశాం. పాత ఇల్లు స్థలం అంచు నుంచి అంచు దాకా ఉంది. దాన్ని కూల్చిన మరుక్షణం ఇప్పటి నిబంధనలు వర్తిస్తాయి. సందు వెడల్పు చాలదు కాబట్టి రోడ్డు కోసం ముందు కొంత వదలాలి. సెట్‌బ్యాక్‌లు, అంటే ఇంటి చుట్టూ ఖాళీ, వదలాలి. ఎత్తు రోడ్డు వెడల్పును బట్టే. పార్కింగ్ చూపించాలి. ఇవన్నీ తీసేస్తే కింది అంతస్తులో, అంటే అద్దె ఎక్కువగా వచ్చే అంతస్తులో, ఇప్పుడున్న దుకాణాల చోటు కూడా మిగలదు. బిల్డరు చెప్పిన ఐదంతస్తులు అనుమతి లేకుండా కడితేనే వస్తాయి. 2015లో వచ్చినట్టు ఇంకో క్రమబద్ధీకరణ స్కీం వస్తుందని అతని నమ్మకం. ఊళ్లో సగం కట్టడాలు ఆ నమ్మకం మీదే లేచాయి, అది వేరే కథ.

ఇంకొకటి, దుకాణాలవాళ్లు పాత కాలపు పగిడీ, అంటే చేరేటప్పుడే ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం, ఇచ్చి వచ్చినవాళ్లు. వాళ్లను ఖాళీ చేయించాలంటే అద్దె నియంత్రణ కేసులు. ఆ చట్టం 1960 నాటిది, కేసు ఎన్నాళ్లు నడుస్తుందో ఆ వీధిలో ప్రతి ఒక్కరికీ సొంత అనుభవం ఉంది. ఆ ఏళ్లన్నీ అద్దె లేదు, ఇల్లు లేదు, బిల్డరు అడ్వాన్సు మీద వడ్డీ మాత్రం ఉంటుంది. ఈ లెక్కను కాగితం మీద పెట్టాక తమ్ముడే వీడియో కాల్‌లో ‘మరమ్మతు చేస్తే నాకు నెలకు ఎంత వస్తుందో చెప్పండి’ అని అడిగాడు. ఇల్లు నిలిచింది ఆ ప్రశ్నతోనే అని నేననుకుంటాను.

చివరికి కుదిరిన ఏర్పాటు ఇదీ. ఇంటిని ముక్కలు చేయకుండా నలుగురి పేరా ఉంచారు. పెద్దాయన దంపతులు బతికినంత కాలం ముందు భాగంలో ఉంటారు. మిగతా అద్దెలు ఒకే ఖాతాలో పడతాయి. అందులోంచి మొదట మరమ్మతు అప్పు, తర్వాత ఏటేటా నిర్వహణకు కొంత భాగం తీసి మిగిలింది నాలుగు వాటాలు. ఎవరైనా తమ వాటా అమ్మాలనుకుంటే ముందు మిగతా ముగ్గురికి చెప్పాలి. విదేశంలో ఉన్న తమ్ముడి పవర్ ఆఫ్ అటార్నీని అక్కడి కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపారు. అలాంటి కాగితానికి ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఈ గడువు దాటిపోయి మొత్తం మళ్లీ మొదలుపెట్టిన కుటుంబాలు ఉన్నాయి కాబట్టి గుర్తుచేస్తున్నాను. దుకాణాలకు కొత్తగా రిజిస్టర్డు లీజులు రాశారు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయినా, ఆ బజారులో చాలావరకు నోటిమాటే నడుస్తుంది. షాపులవాళ్లు అద్దె పెంచడానికి ఒప్పుకున్నారు, బదులుగా ఖాళీ చేయించబోమన్న హామీ కాగితం మీద అడిగారు. న్యాయమైన బేరమే.

పని

పని క్యాలెండరును ఇంజినీరు కంటే బజారే ఎక్కువగా నిర్ణయించింది. ఆషాఢంలో బట్టల డిస్కౌంటు సేల్స్. అదే నెలలో ఉజ్జయినీ మహంకాళి బోనాలు. గుడి అక్కడే ఉంది కాబట్టి ఆ వారం సందులో కాలు పెట్టే చోటుండదు, పరంజా కర్ర ఒక్కటి కూడా వీధిలోకి రాకూడదు. శ్రావణంలో పెళ్లిళ్లు, ఆ తర్వాత దసరా, దీపావళి. దుకాణాలు మూయకుండా చేయగలిగిన పనులు, మూస్తేనే చేయగలిగిన పనులు అని రెండుగా విడదీసి, రెండో రకాన్ని కార్తీకం నుంచి సంక్రాంతి మధ్యకు నెట్టాం. అదృష్టవశాత్తూ సున్నపు పనికి కూడా అదే మంచి కాలం. ఎండ మండిపోదు, వాన ఉండదు.

డాబా మీది సిమెంటు పొరలను డ్రిల్లింగ్ మిషన్ పెట్టకుండా సుత్తి, ఉలితో తీయించాం. మిషన్ అదురుకు పాత కమాన్లు సడలుతాయి. ఒకే వైపు నుంచి తీస్తూ పోతే బరువు ఒక పక్కకు ఒరుగుతుంది కాబట్టి పట్టీలు పట్టీలుగా, ఒకటి విడిచి ఒకటి తీశాం. మూటలు కట్టి రాత్రిపూట దింపాల్సి వచ్చింది, పగలు ఆ సందులోకి ఆటో కూడా రాదు. కుళ్లిన వాసాల చివర్లు కోసి, మంచి టేకు ముక్కలు అతికించి పక్కన ఇనుప పట్టీలతో బిగించాం. మొత్తంగా మార్చినవి కొన్నే. ఆ టేకు పాత కలప దుకాణాల నుంచి తెచ్చాం. అదెక్కడిదంటే, నగరంలోనే ఇంకెక్కడో కూల్చిన ఇలాంటి ఇళ్లది.

గర్డర్ల తుప్పు చివర్లకు రెండు పక్కలా ఉక్కు చానెళ్లు బోల్టులతో బిగించి, కింద రాతి దిమ్మెలు పెట్టాం. కొత్త గర్డరు వేయడం సులువని కాంట్రాక్టరు వాదించాడు. అతనికి సులువే, ఎందుకంటే దానికోసం కమాను మొత్తం విప్పాలి, విప్పితే బిల్లు పెరుగుతుంది.

సున్నం దగ్గర కాస్త ఆగాలి. కాల్చిన సున్నం పిడుగురాళ్ల నుంచి తెప్పించి తొట్టిలో వారాల తరబడి నానబెట్టాం. పాళ్లు తెలుసుకోవడానికి పాత పూత ముక్కను పలుచటి ఆమ్లంలో వేశాం. సున్నం కరిగిపోయి, అడుగున ఇసుక, ఇటుక పొడి మిగులుతాయి. వాటిని ఆరబెట్టి తూచి, జల్లించి చూస్తే పాతవాళ్లు ఏం కలిపారో తెలుస్తుంది. అదే దారిలో మళ్లీ కలిపాం. డంగుసున్నాన్ని ఎద్దుల గానుగలో రుబ్బే రోజులు పోయాయి, మోటారు గానుగ పెట్టాం. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపాం. వీడియోలు చూసి వచ్చిన ప్రతి ఒక్కరూ గుడ్డు సొన కలిపారా అని అడిగారు. మెరుపు పూతకు దాని వాడకం వేరు, మన గోడకు అవసరం లేదు. గోడ నిలబడేది సున్నం బాగా నానడం వల్ల, తర్వాత నీడలో తడి గోనెపట్టాల కింద నెమ్మదిగా ఆరడం వల్ల. ఇంటర్నెట్‌లో గుడ్డుకున్న పేరు గోనెపట్టాకు లేదు.

మేస్త్రీలు ఎక్కడ దొరికారన్నది అందరూ అడిగే ఇంకో ప్రశ్న. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో ఆగా ఖాన్ ట్రస్టు 2013లో మొదలుపెట్టిన పని పదేళ్లకు పైగా నడిచింది. అక్కడ సున్నం చేతికి వచ్చిన మేస్త్రీలు నగరంలో ఉన్నారు. పెద్ద కట్టడం పని పూర్తయితే వాళ్లు మళ్లీ అపార్ట్‌మెంట్ల సిమెంటు పనికి పోతారు. సందుల్లో ఇళ్లు బాగు చేస్తుంటేనే వాళ్ల చేతిలో పని నిలుస్తుంది. అందులో ఒకాయన మా కుర్రాళ్లకు తాపీ పట్టడం మళ్లీ నేర్పించాడు. సిమెంటు అలవాటైన చేయి పూతను ఒకేసారి మందంగా వేసి తొందరగా నున్న చేస్తుంది, సున్నం ఆ తొందర ఒప్పుకోదు.

నిప్పు

పని మధ్యలో ఉండగా, 2025 మే 18న, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. కింద దుకాణాలు, పైన కుటుంబం, ఎక్కిదిగడానికి ఒకటే సన్నటి మెట్లదారి. మా ఇల్లు అచ్చం అదే రకం. మర్నాడు పెద్దాయన కోడలు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, వెనక వైపు ఇంకో మెట్లు పెట్టేదాకా అత్తామామల్ని ఆ ఇంట్లో ఉండనివ్వనంది.

రెండో మెట్లు మా మొదటి ప్లానులో ఉన్నా చివర్లో వేద్దామనుకున్నది. దాన్ని ముందుకు తెచ్చాం. వెనక వాకిట్లో ఇనుప మెట్లు నిలబెట్టడానికి పై అంతస్తులో ఒక పాత కిటికీని, దాని చెక్క జాలీతో సహా, తలుపుగా మార్చాల్సి వచ్చింది. ఆ జాలీ ఇంట్లోకెల్లా అందమైన పని. వారసత్వ కట్టడాల రంగంలో ఉన్న మిత్రులు కొందరు దీనికి ఒప్పుకోలేదు. నాకైతే ఇందులో చర్చించడానికి ఏమీ కనబడలేదు. మనుషులు బతికి బయటపడలేని ఇంటిని కాపాడామని చెప్పుకోవడం నాకు చేతకాదు. జాలీని విప్పి, కొత్త తలుపు పైన వెంటిలేటరులా బిగించాం.

వైరింగ్ మొత్తం మార్చాం. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు మెట్ల దగ్గర నుంచి డాబా మీదికి వెళ్లాయి. పై గదుల్లో బట్టల మూటలు పెట్టకూడదని లీజులో రాశారు. ముందు బోర్డుల విషయంలో షాపులవాళ్లతో చాలా వాదన నడిచింది. షీటు తీసేస్తే షాపు కనబడదని వాళ్ల భయం. ఆ షీట్ల వెనక వైర్లు ఎలా వేలాడుతున్నాయో ఫొటోలు తీసి చూపించాక మాట మెత్తబడింది. మొజంజాహీ మార్కెట్ బోర్డుల ఫొటోలు కూడా చూపించాం. ఇప్పుడు బోర్డులు వసారా కింది అంచుకు దిగాయి, టేకు బ్రాకెట్లు బయటపడ్డాయి. ఒక షాపాయన వాటిని తన విజిటింగ్ కార్డు మీద వేయించుకున్నాడు.

నగలకు మెరుగు పెట్టేవాళ్లు మాత్రం మిగల్లేదు. గ్యాసు, ఆమ్లం వాడే పని, దానికి వెనక గది తప్ప వేరే చోటు లేదు, రెండో మెట్లదారి ఆ గది పక్క నుంచే వస్తుంది. బంగారం దుకాణాలున్న పాట్ మార్కెట్‌కు నడిచిపోయేంత దగ్గరలో, వాళ్లు కట్టగలిగిన అద్దెకు ఇంకో గది దొరకలేదు. ఊరి చివరికి వెళ్లారు. భద్రత కోసం తీసుకున్న నిర్ణయమే అయినా, ఇల్లు నిలబడి వీధి కొంత ఖాళీ అయింది. ఒక్క ఇంటి ప్రాజెక్టులో దీనికి పరిష్కారం దొరకదు. బజారు మొత్తానికి చేతిపనివాళ్ల కోసం సురక్షితమైన, చవకైన గదులు కొన్ని ఉండాలి. అది కార్పొరేషనో, వ్యాపారుల సంఘమో చేయాల్సిన పని.

ఇప్పుడు

మొత్తం ఖర్చు రాయనన్నాను గానీ, ఎక్కడ ఎక్కువైందో చెప్పొచ్చు. అందరూ సున్నం అనుకుంటారు. ఎక్కువైంది డాబా మీది పాత సిమెంటును దింపి, ఊరి బయటికి తరలించడానికి. తర్వాత వైరింగ్, ఇనుప మెట్లు. సున్నపు పూత ఆ తర్వాతే. సిమెంటు కంటే కూలి రోజులు ఎక్కువ పడతాయన్నది నిజం.

నోటీసుకు జవాబుగా ఇచ్చిన రిపోర్టులో ఒక్కో గర్డరు, ఒక్కో వాసం స్థితి ఫొటోలతో పెట్టాం, అధికారులు తీసుకున్నారు. అదే సందులో ఇంకో రెండు ఇళ్లవాళ్లు వచ్చి చూశారు. ఒకరు డాబా సిమెంటు తీయించుకుంటున్నారు. రెండోవాళ్లు బిల్డరుతో అగ్రిమెంటు చేసుకున్నారు. మాకు ఉమ్మడి గోడ ఉన్నది ఆ ఇంటితోనే. వాళ్లు కూల్చే రోజున మా వైపు కమాన్లు గోడను పక్కకు నెట్టే బలానికి ఆసరా పోతుంది. అందుకని రెండు కుటుంబాలూ రాతపూర్వకంగా ఒప్పుకున్నాయి: ఉమ్మడి గోడను ముట్టుకోరు, కూల్చే ముందు మా వైపు ఉక్కు ఆసరాలు పెట్టే ఖర్చు బిల్డరుది, పునాది తవ్వకం గోడకు ఎంత దూరంలో ఆపాలో ఇద్దరు ఇంజినీర్లూ కలిసి గుర్తు పెట్టాలి.

నిర్వహణ ఖాతాలో డబ్బు దేనికి వాడాలో కూడా రాసిపెట్టారు. మృగశిర కార్తెకు ముందే డాబా ఊడ్చి, నీటి గొట్టాల మూతులు శుభ్రం చేయాలి. సున్నపు పూత రాలినచోట సున్నంతోనే పూయాలి. డాబా మీద సిమెంటు వేయాలంటే నలుగురి సంతకాలూ కావాలి. చివరి షరతు పెట్టమన్నది విజయవాడ చెల్లెలు.